మాడ్యులర్ హెల్మెట్

ముఖమంతా కప్పే హెల్మెట్‌లో గడ్డం ముందుండే భాగాన్ని మీట నొక్కి పైకెత్తుకునే ఏర్పాటు ఉంటే దాన్ని మాడ్యులర్ హెల్మెట్ అంటారు. మన దుకాణాల్లో ‘ఫ్లిప్ అప్’ అని అడిగితే చప్పున తీసి చూపిస్తారు. పైకి లేచే ఆ భాగం పేరు చిన్ బార్. దాన్ని దించి బిగిస్తే ఫుల్ ఫేస్, ఎత్తితే ఓపెన్ ఫేస్. ఒక్క మాటలో, తలుపున్న ఫుల్ ఫేస్ హెల్మెట్. దీనికున్న గిరాకీ అంతా ఆ తలుపు వల్లే, దీని మీదున్న అనుమానాలూ ఆ తలుపు మీదే. కాబట్టి కొనేవారు రంగు, బొమ్మ, ధర చూసేముందు ఆ తలుపు ఎంత గట్టిగా మూసుకుంటుందో, మూశాక తల లోపల ఎంత కుదురుగా ఉంటుందో చూసుకోవాలి.

హెల్మెట్ విషయంలో సౌకర్యాన్ని విలాసం కింద కొట్టిపారేయడానికి వీల్లేదు. ఊపిరాడనివ్వని, చెవులు నొక్కే హెల్మెట్ కాసేపటికి మోచేతికో, పెట్రోలు ట్యాంకు మీదికో చేరుతుంది. పోలీసులు కనిపిస్తే మళ్లీ తలకెక్కుతుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. హెల్మెట్ ఉంటే చావు ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని వైద్య పరిశోధనలన్నిటినీ గుదిగుచ్చి చూసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ లాభం తల మీదున్న హెల్మెట్‌కే. అందుకే రోజంతా పెట్టుకోగలిగేది ఏదన్న ప్రశ్న కూడా భద్రత కిందికే వస్తుంది.

పుట్టుక

మోటార్‌సైకిల్ హెల్మెట్‌కు ఒక మరణం కారణమైందని చెప్పుకోవడం పరిపాటి. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నారు. సైన్యంలో ఉత్తరాలు చేరవేసే మోటార్‌సైకిలిస్టుల తల గాయాల మీద ఆయన 1941లో వెలువరించిన పరిశోధనతో బ్రిటన్ సైన్యంలో హెల్మెట్ తప్పనిసరి అయింది. 1950లలో అమెరికాలో గట్టి చిప్ప లోపల దెబ్బను పీల్చుకునే మెత్తని పొర ఉండాలన్న ఆలోచన స్థిరపడింది. 1960ల చివర బెల్ సంస్థ గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్‌ను మోటార్‌సైకిళ్లకు తెచ్చింది.

ఫుల్ ఫేస్ వచ్చిన కొన్నేళ్లకే దాని ఇబ్బందులు బయటపడ్డాయి. దారి అడగాలన్నా, మంచినీళ్లు తాగాలన్నా, కళ్లజోడు సర్దుకోవాలన్నా మొత్తం తీయాల్సిందే. దూర ప్రయాణాలు చేసేవారికీ, రోడ్డు మీద నలుగురితో మాట్లాడక తప్పని పోలీసులకూ ఇది మరీ కష్టం. 1981లో బీఎండబ్ల్యూ విడుదల చేసిన ‘సిస్టమ్’ హెల్మెట్ దీనికి జవాబు. దాన్ని తయారుచేసింది జర్మనీకి చెందిన షుబెర్త్. తరవాత జపాన్‌లో షోయీ, కొరియాలో హెచ్‌జేసీ, ఇటలీలో కాబర్గ్, ఏజీవీ ఈ దారి పట్టాయి. ఫ్రాన్స్‌కు చెందిన రూఫ్, షార్క్ సంస్థలు చిన్ బార్ నుదుటి దగ్గర ఆగిపోకుండా తల మీదుగా వెనక్కి వెళ్లి కూర్చునే రకాన్ని తెచ్చాయి. జపాన్‌కే చెందిన అరాయ్ మాత్రం ఇప్పటికీ మాడ్యులర్ జోలికి వెళ్లలేదు. గుండ్రంగా, నున్నగా, అతుకుల్లేకుండా ఉన్న చిప్పే దెబ్బను జార్చేస్తుందన్నది ఆ సంస్థ పట్టుదల. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ నలభై ఏళ్లకు పైగా యూరప్‌లో దూర ప్రయాణికులు మాడ్యులర్‌ను వదల్లేదన్నదీ నిజమే.

మన దేశంలో ఫరీదాబాద్‌కు చెందిన స్టడ్స్ ‘నింజా’, బెళగావికి చెందిన వేగా ‘క్రక్స్’ ఈ రకాన్ని మామూలు ఉద్యోగి కొనగలిగే ధరకు తెచ్చాయి. స్టడ్స్ వారిదే ఎస్ఎంకే, ఎల్ఎస్2, స్పెయిన్‌కు చెందిన ఎంటీ వంటివి ఆ పై మెట్టులో ఉంటాయి.

లోపలి నిర్మాణం

ఏ హెల్మెట్‌లోనైనా పని చేసేవి రెండు పొరలు. పైన చిప్ప. ధర తక్కువవాటిలో ఏబీఎస్ లేదా పాలీకార్బనేట్ ప్లాస్టిక్, ఖరీదైనవాటిలో ఫైబర్‌గ్లాస్, కార్బన్ నారల మిశ్రమం. దెబ్బను ఒక్కచోట దిగకుండా చుట్టూ పంచడం, గుచ్చుకునేవాటిని ఆపడం దీని పని. దాని కింద మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థమే మరింత దట్టంగా ఉంటుంది. అసలు రక్షకుడు ఇదే. దెబ్బ తగిలినప్పుడు నలిగిపోతూ తల ఆగే వ్యవధిని కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. నలిగింది మళ్లీ ఉబ్బదు. అందుకే ఒక పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తదానిలా మెరుస్తున్నా పని అయిపోయినట్టే.

తలకు తగిలే స్పాంజి, గుడ్డ మెత్తలు కేవలం కుదురు కోసం. దుకాణంలో వేలితో నొక్కి ‘ఎంత మెత్తగా ఉందో’ అని మెచ్చుకునేది ఈ పొరనే. దెబ్బకూ దానికీ దాదాపు సంబంధం లేదు.

మాడ్యులర్‌లో ఈ చిప్ప ఒక్క ముక్కగా ఉండదు. కణతల దగ్గర రెండు కీళ్లు, దవడల దగ్గర రెండు గొళ్లేలు, వాటిని విడిపించే మీట అదనం. ఈ సరంజామా వల్లే బరువు పెరుగుతుంది. అదే కంపెనీ ఫుల్ ఫేస్ కంటే మాడ్యులర్ సాధారణంగా ఒకటి రెండు వందల గ్రాములు ఎక్కువ తూగుతుంది. 1.6 నుంచి 1.8 కిలోల మధ్య ఉండటం మామూలే. లోపల జారే నల్లద్దం ఉన్నవాటిలో ఆ అద్దానికి చోటివ్వడానికి నుదుటి పైభాగంలో థర్మోకోల్ పొరను కొంత సర్దాల్సి వస్తుంది. ఆ సర్దుబాటు ఎంత తెలివిగా చేశారన్నది తయారీదారు పనితనం.

గడ్డానికి తగిలే దెబ్బ

జర్మనీలోని హానోవర్ వైద్య విశ్వవిద్యాలయంలో డీట్‌మార్ ఓటే ప్రమాదాల్లో పాలుపంచుకున్న హెల్మెట్లను పరిశీలించి దెబ్బలు ఎక్కడ పడ్డాయో గుర్తించారు. నడినెత్తి మీద పడ్డవి చాలా తక్కువ. దాదాపు మూడో వంతు చిన్ బార్ ప్రాంతంలోనే కనిపించాయి. ముందుకు ఎగిరిపడే మనిషి ముఖం నేలకు తగలడం సహజం కదా. దవడకు తగిలిన గట్టి దెబ్బ దవడతో ఆగదు, కపాలం అడుగు భాగానికి పాకుతుంది. సగం తలకు మాత్రమే ఉండే టోపీ హెల్మెట్‌తో చలానా తప్పుతుంది గానీ ఈ దెబ్బ తప్పదు.

మాడ్యులర్ మీద ఉన్న ప్రధాన ఆక్షేపణ ఇక్కడే. ప్రమాదంలో చిన్ బార్ ఊడి పైకి లేస్తే అది ఫుల్ ఫేస్‌గా పనిచేయదు. ఒక్క ప్రమాదంలో దెబ్బ ఒక్కసారే తగలదు కూడా. మొదటి దెబ్బకు గొళ్లెం విడిపోతే, దొర్లుతున్నప్పుడు తగిలే రెండోది నేరుగా ముఖానికి తగులుతుంది.

ముద్రల భాష

మన దేశంలో చట్టం అడిగేది ఐఎస్ఐ ముద్ర. ప్రమాణం పేరు ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషేధం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతివారూ, వెనక కూర్చున్నవారితో సహా, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలకు తగిన హెల్మెట్ పెట్టుకోవాలంటుంది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ కింద జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సుపై వేటు. రోడ్డు పక్కన గొడుగు కింద గుట్టగా పోసి అమ్మే హెల్మెట్లకూ ఐఎస్ఐ స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు అచ్చువేయడం కష్టమేమీ కాదు. ముద్ర పైన ఐఎస్ సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో యూరప్ పాటించే ఈసీఈ 22 ప్రమాణం మాడ్యులర్ కొనేవారికి మరింత సమాచారం ఇస్తుంది. గడ్డం పట్టీకి కుట్టిన చిన్న తెల్ల లేబుల్ మీద ఒక వృత్తంలో ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం, పక్కన దేశం సంఖ్య, కింద ఆమోదం నంబరు ఉంటాయి. ఆ నంబరు 06తో మొదలైతే కొత్త ప్రమాణం, 05 అయితే పాతది. ఆ తరవాత వచ్చే అక్షరాన్ని చాలామంది చూడరు, మాడ్యులర్‌లో చూడాల్సింది దాన్నే. ‘పి’ అంటే మూసి ఉన్నప్పుడు చిన్ బార్ రక్షణ ఇస్తుందని పరీక్షలో తేలింది. ‘జె’ అంటే ఓపెన్ ఫేస్‌గా మాత్రమే ఆమోదం. ‘ఎన్‌పి’ అంటే చిన్ బార్ ఉంది గానీ అది రక్షణకు పనికిరాదని తయారీదారే ఒప్పుకున్నట్టు. ‘పి/జె’ అంటే మూసినా, తెరిచినా రెండు స్థితుల్లోనూ ఆమోదం ఉంది. దారిలో కాసేపు తెరిచి నడపాలనుకునేవారు ‘పి/జె’ కాకుండా మరొకటి కొనకూడదు.

పాత 22.05లో తల బొమ్మను హెల్మెట్‌లో పెట్టి సెకనుకు 7.5 మీటర్ల వేగంతో ఇనుప దిమ్మె మీద పడేసేవారు. అంటే గంటకు 27 కిలోమీటర్లు. ‘నేను ఎనభైలో వెళ్తాను, ఈ పరీక్షతో నాకేం లాభం’ అని అడిగేవారుంటారు. బండి ఎంత వేగంతో వెళ్తున్నా తల నేలకు తగిలే వేగం ప్రధానంగా పడే ఎత్తును బట్టి ఉంటుంది. 7.5 మీటర్ల వేగం రావాలంటే దాదాపు మూడు మీటర్ల ఎత్తు నుంచి పడాలి. స్తంభానికో, లారీకో ఎదురుగా కొడితే లెక్క వేరు. అక్కడ ఏ హెల్మెట్‌కూ హామీ లేదు. 2021 నుంచి అమల్లోకి వచ్చిన 22.06లో సెకనుకు 6 మీటర్లు, 8.2 మీటర్ల పరీక్షలూ చేరాయి. ఏటవాలు దిమ్మె మీద పడేసి తల గిర్రున తిరిగే తీవ్రతను కొలవడం మరో మార్పు. మెదడుకు జరిగే నష్టంలో ఈ మెలికకు పెద్ద వాటా ఉంది. స్వీడన్‌లో పుట్టిన మిప్స్ అనే పలుచని జారుడు పొర తగ్గించాలని చూసేది దీన్నే.

అమెరికాలో డాట్ గుర్తు కథ వేరు. అక్కడ తయారీదారే తన హెల్మెట్ ప్రమాణానికి సరిపోతుందని ప్రకటించుకుంటాడు. ప్రభుత్వం తరవాత అంగడిలోంచి కొన్ని తీసి పరీక్షిస్తుంది. పైగా డాట్ పరీక్షల్లో చిన్ బార్‌ను అసలు పరీక్షించరు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బావగారు తెచ్చిన మాడ్యులర్ ఎంత ఖరీదైనదైనా దాని మీద డాట్ ఒక్కటే ఉంటే తలుపు గురించి అది ఏమీ చెప్పనట్టే. ఇక్కడ ఐఎస్ఐ లేదని పోలీసులు ఆపితే వాదించడానికీ ఆధారం ఉండదు.

మాడ్యులర్లకు అన్నిటికన్నా పనికొచ్చే లెక్క బ్రిటన్ రవాణా శాఖ నడిపే షార్ప్ పథకంలో దొరుకుతుంది. హెల్మెట్లు కొని, పరీక్షించి, ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తారు. మాడ్యులర్ అయితే ఎన్ని దెబ్బలకు చిన్ బార్ గొళ్లెం విడిపోకుండా నిలిచిందో శాతంలో విడిగా ప్రకటిస్తారు. నూటికి నూరు సాధించినవీ ఉన్నాయి, అందుకు చాలా దూరంలో ఆగిపోయినవీ ఉన్నాయి. నక్షత్రాలు ఎక్కువున్నా ఈ శాతం తక్కువుంటే నా దృష్టిలో అది మంచి ఓపెన్ ఫేస్ మాత్రమే, మంచి మాడ్యులర్ కాదు. కొనాలనుకున్న మోడల్ ఆ జాబితాలో ఉంటే చూడటం రెండు నిమిషాల పని.

గొళ్లెం, మీట, కీలు

దుకాణంలో పరీక్ష చేతులతోనే చేయాలి. హెల్మెట్‌ను బల్ల మీద పెట్టి చిన్ బార్‌ను నెమ్మదిగా దించండి. రెండు వైపులా గొళ్లెం ఒకేసారి పడాలి, ఒకే ‘టక్’ వినిపించాలి. రెండు చప్పుళ్లు కాస్త తేడాతో వినిపిస్తే ఒక పక్క ముందు పడుతోందని అర్థం. ఒక పక్క మాత్రమే పడి, చూడటానికి మూసుకున్నట్టే కనిపించే చిన్ బార్ అన్నిటికన్నా ప్రమాదం. ఇప్పుడు ఎడమ చేత్తో చిప్పను పట్టుకుని కుడి చేత్తో చిన్ బార్‌ను మొదట కుడివైపు, తరవాత ఎడమవైపు పైకి లాగండి. కొద్దిగా కదలడం సహజం. కటకటలాడకూడదు. లోపలికి తొంగి చూస్తే గొళ్లెం పడే పిన్ను కనిపిస్తుంది. అది లోహానిదైతే మేలు, దాన్ని పట్టుకునే కొక్కెం కూడా లోహానిదైతే ఇంకా మేలు. చవకవాటిలో రెండూ ప్లాస్టిక్కే. కొత్తలో బాగానే పట్టుకుంటాయి, రోజుకు పదిసార్లు తెరిచి మూస్తూ ఏడాది గడిచాక అంచులు అరిగిపోతాయి.

మీట గడ్డం మధ్యలో, చేతి తొడుగుతోనూ దొరికేలా ఉండాలి. కానీ ఏదైనా తగిలి దానంతట అదే నొక్కుకుపోయేలా బయటికి పొడుచుకుని ఉండకూడదు. ఎర్ర రంగు మీట అందం కోసం పెట్టింది కాదు. మీకు దెబ్బ తగిలి పడి ఉంటే, ముందు వచ్చినవారికి ఎక్కడ నొక్కాలో తెలియడానికి.

పైకెత్తినప్పుడు చిన్ బార్ నిలబడాలి. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే దానంతట అదే దిగితే కళ్లకు అడ్డం పడుతుంది. ‘పి/జె’ ఆమోదం ఉన్నవాటిలో చాలావరకు పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపితే తెరిచిన స్థితిలోనే బిగుసుకుంటుంది. అయినా తెరిచి వేగంగా వెళ్లడం మంచిది కాదు. పైన నిలిచిన చిన్ బార్ గాలిని పట్టి మెడను వెనక్కి లాగుతుంది. సిగ్నల్ దగ్గర, టోల్ గేటు దగ్గర, పెట్రోలు బంకులో తెరవడం వేరు, హైవే మీద తెరవడం వేరు. మన నగరాల్లో మాడ్యులర్‌కు మరో దురలవాటు తోడైంది. చిన్ బార్ ఎత్తి, చెంపకూ మెత్తకూ మధ్య ఫోన్ దోపి, మాట్లాడుతూ బండి నడపడం. ఆ ఫోను చెంపమెత్తను నొక్కి హెల్మెట్‌ను వదులు చేస్తుంది. పడితే గాజు పలక ముఖం పక్కనే ఉంటుంది.

దుమ్ము ఈ యంత్రాంగానికి పెద్ద శత్రువు. వారం రోజులు మట్టి రోడ్ల మీద తిరిగితే కీళ్లలో సన్నని ఇసుక చేరి కిరకిరలాడుతుంది. మెత్తని బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, కంపెనీ చెబితేనే సిలికోన్ చుక్క వేయాలి. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ పాలీకార్బనేట్‌ను లోలోపల తినేస్తాయి. మెకానిక్ షెడ్డులో పెట్రోలు గుడ్డతో తుడిచి తళతళలాడించిన హెల్మెట్ బలహీనపడే ఉంటుంది.

తలకు సరిపడటం

కనుబొమలకు ఒక వేలు పైనుంచి, చెవులకు పైగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి కొలవాలి. మన దగ్గర హెల్మెట్ లోపల 580, 600 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఎం, ఎల్ అక్షరాలు కంపెనీని బట్టి మారిపోతాయి కాబట్టి ఆ అంకెనే నమ్మాలి. చుట్టుకొలత ఒకటే అయినా తల ఆకారం ఒకటి కాదు. కొందరిది గుండ్రం, కొందరిది ముందు వెనకలకు పొడవు. నుదుటి మధ్యలో మాత్రమే నొప్పి పుడితే ఆ హెల్మెట్ మీ తలకంటే గుండ్రంగా ఉన్నట్టు. కణతల దగ్గర నొక్కితే అందుకు వ్యతిరేకం. ఒక సైజు పెద్దది తీసుకుంటే ఈ నొప్పి తాత్కాలికంగా పోతుంది, దానితో పాటు రక్షణా పోతుంది. మోడల్ మార్చడమే సరైన మందు.

కొత్త హెల్మెట్ చెంపలను నొక్కాలి, మాట్లాడితే బుగ్గలు పళ్ల మధ్యకు వచ్చేంతగా. చెంపమెత్తలు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, నుదుటి దగ్గర బిగువు మాత్రం సర్దుకోదు. పట్టీ బిగించి, హెల్మెట్‌ను పక్కకు తిప్పితే తల చర్మం దానితో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. తరవాత వెనక అంచు కింద వేళ్లు పెట్టి పైకి, ముందుకు నెట్టండి. పట్టీ ఉన్నా ఊడి చేతికొస్తే దాన్ని అక్కడే వదిలేయండి. ఇరవై నిమిషాలు తల మీద ఉంచుకుని దుకాణంలో కూర్చుంటే అమ్మేవారు విసుక్కోవచ్చు. తీసిన తరవాత నుదుటి మీద ఎర్రటి గీత ఎక్కడ పడిందో అద్దంలో చూసుకుంటే ఆకారం సంగతి తేలిపోతుంది.

మాడ్యులర్‌ను చిన్ బార్ ఎత్తి పెట్టుకుంటారు కాబట్టి కళ్లజోడు వారికి ఇది వరం. కళ్లజోడు తీయకుండానే పెట్టుకోగలిగే మోడళ్లు ఉన్నాయి. జోడు కాళ్లు కణతలను నొక్కకుండా మెత్తలో గాడి ఉందేమో చూడాలి. జుంకాలు, బుట్టకమ్మలు ఏ హెల్మెట్‌లోనూ ఇమడవు. అవి చెంపమెత్తకు తగులుకుంటే తీసేటప్పుడు చెవి తమ్మె కోసుకుపోతుంది. కింద నుంచి వేసిన జడతో ఇబ్బంది లేదు గానీ వెనక ముడి ఉంటే హెల్మెట్ ముందుకు వంగి కూర్చుంటుంది. తల నూనె, చెమట పట్టి లోపలి గుడ్డ వాసన వస్తుంది. విప్పి ఉతికే వీలున్న మెత్తలు మన వాతావరణంలో తప్పనిసరి అనే అనుకోవాలి.

పట్టీకి రెండు రకాల బిగింపులుంటాయి. రెండు ఇనుప ‘డి’ రింగుల్లోంచి తోసి లాగేది పాత పద్ధతి, నమ్మకమైనది. పళ్లున్న పట్టీ టకటకమని లోపలికి జారే బకిల్ వాడకానికి సులువు. పట్టీ గడ్డం కొనకు కాకుండా గొంతుకు ఆని ఉండాలి, మధ్యలో రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. పట్టీ పెట్టుకోకుండా చిన్ బార్ ఒక్కటి మూసేస్తే హెల్మెట్ ఆగుతుందన్న భ్రమ మాడ్యులర్ వాడేవారిలో కనిపిస్తుంది. ఆగదు.

చప్పుడు, ఎండ, మంచు

వంద కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటడం మామూలు. పనిచేసే చోట ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ మించకూడదని, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు వ్యవధి సగానికి తగ్గించాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ఈ లెక్కన హైదరాబాద్ నుంచి విజయవాడకు హైవే మీద వెళ్లే మనిషి చెవులు ఫ్యాక్టరీ కార్మికుడి చెవుల కన్నా ఎక్కువ నలుగుతాయి. మాడ్యులర్‌లో అతుకులు ఎక్కువ కాబట్టి సాధారణంగా హోరూ ఎక్కువే. వంద కిలోమీటర్ల వేగంలో తమ సీ5 లోపల 85 డెసిబెల్సే ఉంటుందని షుబెర్త్ చెప్పుకుంటుంది, అయితే అది లక్షలు పోసిన బండ్లవారు కొనే ధర. సామాన్యుడికి మెడ దగ్గర బాగా మూసుకునే హెల్మెట్, చెవుల్లో మెత్తటి ప్లగ్గులు చాలు. హోరు తగ్గితే హారన్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

మేలో రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటే ఎండకు ఏ హెల్మెట్ గాలిరంధ్రాలూ సరిపోవు. ఆగిన ప్రతిసారీ ముఖం తెరుచుకోవడం అప్పుడు నిజంగా ఉపశమనం. గాలి లోపలికి వచ్చే రంధ్రాలతో పాటు వెనక నుంచి బయటికి పోయే దారి కూడా ఉందో లేదో చూడాలి. డిసెంబరులో లంబసింగి, అరకు దారిలో కష్టం వేరు. శ్వాస తగిలి అద్దం మసకబారిపోతుంది. అద్దం లోపల అతికే పిన్‌లాక్ పొర దానికి పరిష్కారం. అద్దానికి రెండు వైపులా చిన్న మేకులుంటే ఆ పొర తరవాత కొనుక్కోవచ్చు. లోపలి నల్లద్దం పగలు బాగుంటుంది. బయటి అద్దాన్నే నల్లగా మార్పించడం మాత్రం రాత్రిళ్లు గుంతను దాచిపెట్టడమే.

బ్లూటూత్ పరికరం పెట్టుకునేవారు చెవుల దగ్గర స్పీకరుకు గుంట ఉన్నదే కొనాలి. థర్మోకోల్‌ను బ్లేడుతో చెక్కి చోటు చేసుకోవడం చూస్తుంటాం. అక్కడ చెక్కింది రక్షణనే.

వాడకాలం, ప్రమాదం

అమెరికాలోని స్నెల్ సంస్థ ఐదేళ్లకోసారి హెల్మెట్ మార్చమంటుంది. చెమట, నూనె, ఎండ, జిగుర్ల వల్ల లోపలి పొరలు క్షీణిస్తాయన్నది కారణం. మాడ్యులర్‌లో దానికి గొళ్లెం అరుగుదల తోడవుతుంది కాబట్టి రోజూ వాడేవారు ఏడాదికోసారి పైన చెప్పిన లాగుడు పరీక్ష చేసుకోవాలి. పాతది కొనడం ఏ హెల్మెట్‌కైనా తెలివితక్కువ పని, మాడ్యులర్‌కు మరీను.

దెబ్బ తగిలి పడి ఉన్న మనిషి తల నుంచి హెల్మెట్ లాగేయడం చుట్టూ చేరినవారు మొదట చేసే పొరపాటు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుకు వెన్నుపాము దెబ్బతింటుంది. మాడ్యులర్ ఇక్కడ పనికొస్తుంది. ఒకరు హెల్మెట్‌ను రెండు పక్కలా కదలకుండా పట్టుకుంటే, మరొకరు మీట నొక్కి చిన్ బార్ ఎత్తి, ఊపిరి ఆడుతోందో లేదో చూడగలరు. నోట్లో రక్తం, ఊడిన పళ్లు ఉంటే తీయగలరు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్‌ను అలాగే ఉంచి 108 కోసం ఆగాలి. ఆడకపోతే తీయక తప్పదు. అప్పుడు ఒకరు కింది నుంచి మెడను, తల వెనక భాగాన్ని మోస్తూ ఉండగా మరొకరు పట్టీ విప్పి, చిప్పను రెండు పక్కలకూ విడదీస్తూ నెమ్మదిగా జార్చాలి. ఒంటరిగా చేసే పని కాదు. సాయం చేసినవారిని కేసుల పేరుతో వేధించకుండా మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. తీసిన హెల్మెట్‌ను అక్కడే పారేయకుండా అంబులెన్సులోనే పంపించాలి. సొట్ట ఎక్కడ పడిందో, గీతలు ఏ దిశలో ఉన్నాయో చూస్తే తలకు ఏ వైపు నుంచి ఎంత దెబ్బ తగిలిందో డాక్టరుకు కొంత అంచనా వస్తుంది.